నేరస్థుడు లేని కథ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. కరువు భత్యం సంగతీ, బకాయిల సంగతీ నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు కార్యదర్శిగారు వేరే పని అప్పగించారు. "మీ చేతిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక కథల పుస్తకం కనబడుతుంది. దాన్ని గురించి ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. నేను రచయితను కాను, పండితుణ్ణి అంతకంటే కాను. 36 ఏళ్లు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి. నేను రాసినవన్నీ నోట్ ఫైళ్లే. కాబట్టి కథ ఎలా రాయాలో చెప్పే సాహసం చెయ్యను. చదివి బాగుపడినవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కథలు చదవండి. అందులోనూ ఒకే రకం కథలు కాకుండా రకరకాల కథలు చదవండి. ఒకే రకం కథలు చదివిన మనిషికి లోకమంతా ఆ రకంగానే కనబడుతుంది. ఇది నాకు పుస్తకాలు చెప్పిన సంగతి కాదు. నా టేబుల్ మీద జరిగింది.

మనలో చాలామందికి కథల సంపుటి అన్నది కొత్త కాదు. చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చింది 1853లో. వలలో చిక్కిన పావురాలన్నీ వలతో సహా ఎగిరిపోయిన కథ మనం అందులోనే చదువుకున్నాం. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక రాశాడు. ముప్పై రెండు బొమ్మలు, బొమ్మకో కథ. ఇక 1947 జూలైలో మొదలైన చందమామ సంగతి చెప్పాలా? ఇవాళ ఆ పత్రిక లేకపోయినా, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు మన అందరి కళ్లలోనూ ఉన్నాడు. నాకు ఉద్యోగంలో చేరాక ఒకటి తోచింది. బేతాళుడు పెట్టేది కథ కాదండీ, ఫైలు. సంగతులన్నీ వివరించి, చివర సందేహం పెట్టి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది అంటాడు. రాజు తన నిర్ణయం ఒక్కటీ చెప్పి ఊరుకోడు, కారణాలు కూడా చెబుతాడు. మన ఆఫీసుల్లో కారణాలు చెప్పకుండా ఫైలు తిప్పి పంపినవాళ్లం మనం ఎందరమో!

అందులో మొదటివాణ్ణి నేనే. ఆ కథ చెబుతాను.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. అప్పటికి నాకు డిటెక్టివ్ పుస్తకాల పిచ్చి. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకు పది పైసలు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు నాకు బంధువుల కంటే దగ్గరవాళ్లు. తెల్లవారేలోగా పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలని రాత్రి లాంతరు పెట్టుకుని చదివేవాణ్ణి. వేరే పుస్తకం ముట్టేవాణ్ణి కాదు. అది తప్పని ఇప్పుడూ అనను. చిన్న చిన్న వివరాలు గమనించడం నేర్పింది ఆ పుస్తకాలే. ఒక సంతకం ఇంకో సంతకంలా లేకపోతే చటుక్కున పట్టుకునేవాణ్ణి. సెక్షనులో నాకు మంచి పేరు వచ్చింది. కాని దానితోపాటే ఒక జబ్బు కూడా వచ్చింది. ప్రతి దరఖాస్తు వెనకా ఒక దొంగ ఉన్నాడనుకోవడం మొదలుపెట్టాను.

1979లో ఒక కుటుంబ పెన్షను కాగితం నా సీటుకు వచ్చింది. సర్వీసులో ఉండగానే చనిపోయిన ఒక అటెండరు భార్యది. సర్వీసు రిజిస్టరులో నామినీగా ఒక పేరు ఉంది. దరఖాస్తులో వేలిముద్ర పక్కన వేరే పేరు ఉంది. నాకింకేం కావాలి? ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఒకామె రెండో ఆమెను దాచిపెడుతోంది అని కథ అల్లేసుకున్నాను. కొర్రీ వేసి పంపాను. మళ్లీ వచ్చింది. ఇంకో కొర్రీ. మూడోసారి కూడా పంపాను. పదకొండు నెలలు గడిచాయి. ఆవిడ వచ్చి వరండాలో కూర్చునేది. నేను ఆ పక్కగా వెళ్లేటప్పుడు ఓరకంట చూసేవాణ్ణి, అనుమానితుణ్ణి గమనించినట్టు.

మా సూపరింటెండెంటు గారు పెద్ద చదువరి. నా నోట్ ఫైలు చదివి నన్ను కోప్పడలేదు. "ఏమయ్యా, డిటెక్టివ్ కథలు ఇష్టమట కదా. షెర్లాక్ హోమ్స్ చదివావా?" అని అడిగారు. మర్నాడు తన ఇంటి నుంచి ఒక పాత సంపుటి తెచ్చి ఇచ్చారు. నాది ఎస్.ఎస్.ఎల్.సి. ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకో కథ చదివాను. కానన్ డాయిల్ హోమ్స్ మీద 56 చిన్న కథలు, 4 నవలలు రాశాడు. 1892లో వచ్చిన మొదటి సంపుటిలో పన్నెండు కథలు. అందులో ఎర్రజుట్టువాళ్ల సంఘం కథ చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఒక పెద్దమనిషిని రోజూ కూర్చోబెట్టి, విజ్ఞాన సర్వస్వం ఎత్తి రాయమని వారానికి నాలుగు పౌన్లు ఇస్తారు. ఎందుకు రాస్తున్నాడో అతనికి తెలియదు. మన గుమాస్తాగిరీ అంతా అందులో ఉంది!

సూపరింటెండెంటు గారు ఇచ్చిన పుస్తకంలో తరువాతి సంపుటిలోని కథలు కూడా ఉన్నాయి. వాటిలో పచ్చముఖం కథ ఒకటి. ఒక భర్త వచ్చి, నా భార్య నా దగ్గర ఏదో దాస్తోంది, ఎదురింటికి రహస్యంగా వెళుతోంది అంటాడు. హోమ్స్ ఆధారాలన్నీ పేర్చి, ఇదీ సంగతి అని ఒక ఊహ కడతాడు. చివరికి తలుపు తీసి చూస్తే ఆ ఊహ పూర్తిగా తప్పు. అక్కడ నేరమూ లేదు, నేరస్థుడూ లేడు. ఆవిడ దాచింది మొదటి భర్తవల్ల కలిగిన తన పసిబిడ్డను. లోకం ఏమంటుందో అన్న భయంతో దాచింది. ఆ రాత్రి హోమ్స్ తన మిత్రుడు వాట్సన్‌తో, నేను ఇకమీదట ఎప్పుడైనా నా తెలివి మీద మరీ ధీమా పడితే నా చెవిలో ఈ ఊరి పేరు ఒక్కటి చెప్పు అంటాడు. ఆ ఊరి పేరు నార్‌బరీ.

అంత పెద్ద డిటెక్టివే పొరబడిన కథ అది. చదివి పుస్తకం మూశాను కాని నిద్ర పట్టలేదు. మర్నాడు వరండాలో ఉన్న ఆవిణ్ణి లోపలికి పిలిచి, స్టూలు వేయించి, "ఏమ్మా, నీకు రెండు పేర్లెందుకున్నాయి?" అని అడిగాను. ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది. "మా అత్త పేరూ నా పేరూ ఒకటే బాబూ. అత్తను పేరుపెట్టి పిలిచినట్టవుతుందని నాకు వేరే పేరు పెట్టుకున్నారు." అంతే. మన ఇళ్లలో ఇది కొత్తా? మా మేనత్తకే రెండు పేర్లు. పదకొండు నెలల్లో నేను ఆవిణ్ణి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు పేర్లూ ఒకరివేనని తహసీల్దారు ధ్రువపత్రం తెప్పించి, ప్రపోజల్సు మా ఆఫీసు దాటించడానికి మూడు వారాలు పట్టింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ తరువాత మా సెక్షనులో నార్‌బరీ అన్నది ఒక రహస్య సంకేతం అయింది. ఎవరైనా తొందరపడి కొర్రీ రాయబోతుంటే పక్క సీటాయన దగ్గి, నార్‌బరీ అనేవాడు. బయటివాళ్లు అదేదో కొత్త జీవో అనుకునేవారు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. వరసగా రెండు పుస్తకాలు ఒకే రకానివి చదవకూడదు. అలా చదువుతూ పోతే ఒక్కో రకం కథ ఒక్కో పని చేస్తుందని తెలిసింది.

హాస్యం సంగతి చూడండి. మునిమాణిక్యం వారి కాంతం కథలు చదివాక, ఇంట్లో ఆవిడతో వాదించి గెలవాలన్న కోరిక నాకు సగం తగ్గింది. ముళ్లపూడి వారి ఋణానందలహరి చదివితే నెలాఖరులో చేబదులు అడగడం కూడా ఒక కళేనని తెలిసింది. భానుమతి గారు అంత పెద్ద నటీమణి అయి ఉండీ అత్తగారి కథలు రాశారు. అందులోని అత్తగారిని చూసి నవ్వుతూ నవ్వుతూ మనింటి పెద్దవాళ్లను ప్రేమించడం నేర్చుకుంటాం. ఇప్పుడు మనమే ఆ అత్తగార్లం, మామగార్లం అనుకోండి!

చట్టం చదివినా తెలియని సంగతులు కొన్ని రావిశాస్త్రి గారి ఆరు సారా కథల్లో తెలిశాయి. ఆయన విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం చట్టం కాగితం మీద ఒకలాగా, బీదవాడి వీపు మీద ఇంకోలాగా ఎలా ఉంటుందో చూపించారు. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివానకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని మనకందరికీ తెలుసు. కాని చదివినవాళ్లు ఎందరు? నియమాలు తప్పని ఒక పెద్దమనిషి, రైల్లో ఒక ముష్టిది, ఒక తుఫాను రాత్రి. ఆ రాత్రి గడిచేసరికి ఆయన నియమాలు ఏమయ్యాయో నేను చెప్పను. రూలు పుస్తకం పట్టుకుని బతికిన మనబోటివాళ్లు తప్పక చదవాలి.

ఊళ్ల కథలు ఇంకో రకం. శంకరమంచి సత్యం గారి అమరావతి కథలు వంద. ఒక్కొక్కటి నాలుగైదు పేజీలు, బాపు గారి బొమ్మలతో. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో ఇంతమంది మనుషులున్నారా అనిపిస్తుంది. నామిని గారి పచ్చనాకు సాక్షిగా మొదట్లో నాకు మింగుడుపడలేదు. చిత్తూరు పల్లె మాట నా చెవికి కొత్త. పైకి చదివితే రెండు కథల్లో దారిలో పడ్డాను. నెల్లూరి కేశవస్వామి గారి చార్మినార్ కథల్లో పాత హైదరాబాదు ఇళ్ల లోపలికి వెళ్లొచ్చాను. ప్రధానమంత్రి కాకముందు ఎన్నో ఏళ్ల క్రితం పి.వి. నరసింహారావు గారు గొల్ల రామవ్వ అనే కథ రాశారు. నిజాం కాలంలో పోలీసులు తరుముతున్న ఒక కుర్రవాణ్ణి కాపాడిన ముసలమ్మ కథ. మన జిల్లా దాటి బదిలీ ఎరగనివాణ్ణి నేను. కథలే నన్ను అన్ని జిల్లాలూ తిప్పాయి, టి.ఏ. బిల్లు లేకుండా.

ఇక సైన్సు కథలు. అవి మనకెందుకులే అనుకున్నాను. మా మనవరాలు ఐజాక్ అసిమోవ్ రాసిన 'ఐ, రోబోట్' ఇచ్చి, "తాతయ్యా, ఒక్క కథ చదివి చూడు" అంది. 1950లో వచ్చిన పుస్తకం. తొమ్మిది కథలు. మరమనుషులకు మూడు నియమాలు పెడతారు. మనిషికి హాని చేయకూడదు, చెప్పిన మాట వినాలి, తనను తాను కాపాడుకోవాలి. ఒక కథలో బుధగ్రహం మీద ఒక మరమనిషిని ఒక పనికి పంపుతారు. ముందుకెళితే తనకు ప్రమాదం, వెనక్కొస్తే ఆజ్ఞ తప్పినట్టు. రెండు నియమాలూ సరిసమానంగా లాగేసరికి అది అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. నేను పగలబడి నవ్వాను. రెండు జీవోలు ఒకదానికొకటి అడ్డుపడితే రెండు సెక్షన్ల మధ్య తిరిగే ఫైలు ఇదే కదా! బుధగ్రహం దాకా వెళ్లినా మన ఆఫీసే కనబడింది.

ఇప్పుడు మన వయసు సంగతికి వస్తాను. నవల మొదలుపెడితే నూరో పేజీకి వచ్చేసరికి మొదట్లోవాళ్ల పేర్లు మరిచిపోతున్నాం. కళ్లు నీళ్లు కారతాయి. మెడ నొప్పి. చిన్న కథ అయితే కాఫీకీ స్నానానికీ మధ్య అయిపోతుంది. సంపుటిని ఫైలులా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే ఊపున చదవకండి. రోజుకొకటి చాలు. అయిపోయాక పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చోండి. ముందుమాట ఆఖరున చదవండి. ఒక కథ నచ్చకపోతే కొర్రీ వేసి తిప్పి పంపకండి, పక్కన పెట్టండి. నాకు నామిని గారితో అయినట్టు, ఆర్నెల్ల తరువాత అదే నచ్చవచ్చు. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, కథ పేరూ ఒక్క వాక్యమూ రాసుకోండి. జ్ఞాపకానికి మంచిది.

అన్నిటికంటే ముఖ్యం పైకి చదవడం. ఇది నాకు నేర్పినవాడు ఈ సభలోనే ముందు వరసలో కూర్చున్నాడు. పేరు చెబితే కోప్పడతాడు. నార్‌బరీ అని దగ్గిన నా పక్క సీటాయనే. గ్లకోమా వల్ల రెండు కళ్లకూ చూపు పోయింది. మూడేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు వెళ్లి అతనికి కథలు చదువుతున్నాను. మొదట్లో గంభీరమైన కథలే ఏరి ఏరి చదివాను. కష్టంలో ఉన్నవాడికి అలాంటివే తగినవి అనుకున్నాను. మూడోవారంలో అతను నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, నువ్వు నాకు కథ చదవడం లేదు, పరామర్శ చేస్తున్నావు. నాకు పోయింది చూపురా, నవ్వు కాదు. నార్‌బరీ!" అన్నాడు.

నలభై ఏళ్ల తరువాత మళ్లీ అదే తప్పు చేశాను చూడండి. మళ్లీ అడగకుండానే నిర్ణయించాను.

మర్నాడు ఋణానందలహరి తీసుకెళ్లాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు విని వాళ్లావిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ ఇంట్లో అలాంటి నవ్వు విని ఏడాది అయిందిట. ఆ తరువాత ఆవిడ కూడా కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు అబ్బూరి ఛాయాదేవి గారి బోన్సాయ్ బ్రతుకు చదివాను. కుండీలో కత్తిరించి కత్తిరించి పెంచిన చెట్టునూ ఆడపిల్ల పెంపకాన్నీ పక్కపక్కన పెట్టిన కథ. అయిపోయాక ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి, "ఇంకొక్కసారి చదవండి అన్నయ్యగారూ" అంది. మా వాడు కూడా ఆ సాయంత్రం నవ్వు కథ అడగలేదు. ఇప్పుడు ఏ రోజు ఏ రకం కథో వాళ్లిద్దరూ వంతులవారీగా చెబుతారు. నేను చదువుతాను.

పుస్తకాలు కొనుక్కోవాలని లేదు. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు ఉంది. మన శాఖా గ్రంథాలయం మన డబ్బుతో నడుస్తున్నదే. వెళ్లి కథల సంపుటాలు అడగండి. అడిగేవాళ్లుంటేనే అవి బీరువాల్లోంచి బయటికి వస్తాయి. 1990 నుంచి కథాసాహితి వారు ఏటా ఆ సంవత్సరపు మంచి కథలు ఏరి 'కథ' పేరుతో సంపుటాలు తెచ్చారు. ఒక్కో దానిలో రకరకాల రచయితలు, రకరకాల ప్రాంతాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది మంచి దారి. శ్రీకాకుళం వైపు వెళితే కథానిలయం చూడండి. కాళీపట్నం రామారావు మాస్టారు తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని పట్టుబట్టి 1997లో పెట్టిన ఇల్లు అది. ఆయన 2021లో వెళ్లిపోయారు, ఇల్లు నిలిచింది. ఆయన కూడా మనలాగే జీతం మీద బతికిన బడిపంతులే.

ఇప్పుడు నా విన్నపం. మన సంఘం బీరువాలో తాళం వేసిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. ప్రతి నెలా రెండో శనివారం మనం ఎలాగూ కలుస్తాం. సమావేశం అయ్యాక ఇరవై నిమిషాలు ఒక కథ పైకి చదువుదాం. ఒక నెల నవ్వుది, ఒక నెల దయ్యానిది, ఒక నెల డిటెక్టివ్, ఒక నెల కన్నీళ్లది. రాలేనివాళ్ల ఇళ్లకు, చూపు తగ్గినవాళ్ల ఇళ్లకు ఎవరో ఒకరు వెళ్లి చదివి వద్దాం. ఏ కథ కావాలో మాత్రం వాళ్లనే అడుగుదాం.

నేటి పిల్లలకూ ఒక మాట. మేము ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకులో నిలబడతాం. వేలిముద్ర పడదు. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్కులో ఒక పేరు ఉంటుంది. కౌంటరు అవతల కూర్చున్న అబ్బాయి ఏ కథలు చదివి పెరిగాడా అని అప్పుడు నాకు భయం వేస్తుంది. ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది నేనే కదా. మీరు రేపు ఏ కుర్చీలో కూర్చుంటారో తెలియదు. అన్ని రకాల కథలూ చదివి వెళ్లి కూర్చోండి. ఎదుటి మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడగండి.

నా ఇరవై నిమిషాలు అయిపోయినట్టున్నాయి. ముందు వరసలోంచి దగ్గు వినబడుతోంది.